పెద్ద డిష్షును త్రిప్పు మోటారు చేయి



పెరటిలో ఎనిమిది పది అడుగుల డిష్షును నిలిపికొని, దానిని మోటారుతో తూర్పు పడమరలకు త్రిప్పుకొనవలెనను కోరిక గలవారు మన ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి ప్రాంతములందు నేటికిని కొందరున్నారు. అట్టివారు నన్నడుగు ప్రశ్న యొక్కటియే: “మాస్టరుగారూ, ఏ మోటారు కొనమందురు?” నేను యంత్రవిద్య నభ్యసించినవాడను గాను, పాఠశాలలో తెలుగును సంస్కృతమును చెప్పి విశ్రాంతి గొన్నవాడను. కాని ఈ ప్రశ్నకు సమాధానము సగము అంగడిలోను, సగము గోళగణితములోను ఉన్నది. ఆ రెండవ సగమును తెలియక మొదటి సగమునకై ధనము వెచ్చించువారిని చూచి, ఈ నాలుగు మాటలు చెప్ప సాహసించుచున్నాను.

భూమధ్యరేఖకు సరిగా పైన 35,786 కిలోమీటర్ల యెత్తున తూర్పునకు నడచు ఉపగ్రహము, భూమి తన చుట్టు తాను తిరుగు కాలములోనే తానును ఒక చుట్టు తిరుగును. అందువలన మన కంటికి అది ఆకాశమున మేకు దిగగొట్టినట్లు ఒక్కచోటనే నిలిచియుండును. ఇట్టి ఉపగ్రహముల మూలమున లోకమంతటికి ప్రసారములు జరుపవచ్చునని 1945 లో ఆర్థర్ క్లార్కు అను నాంగ్లేయుడు వ్రాసెను. మన దేశమున 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు, మన రాష్ట్రముతో కూడ ఆరు రాష్ట్రములందలి 2,400 గ్రామములలో, అమెరికావారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము ద్వారా టెలివిజను చూపిరి. ఆ గ్రామములలోని పది అడుగుల డిష్షులను కోళ్ళగూడునకు వాడు తీగవలతోనే కట్టిరి. ఉపగ్రహ మొక్కటియే గనుక ఆనాడు డిష్షును త్రిప్పు పని లేకపోయెను.

పిదప ఉపగ్రహములు పెరిగినవి. 1990 లో ప్రయోగించిన ఆసియాశాట్-1 తూర్పు రేఖాంశము 105.5 డిగ్రీల యొద్దను, 2005 లో ప్రయోగించిన ఇన్సాట్-4ఏ 83 డిగ్రీల యొద్దను, 2010 లో ప్రయోగించిన ఇంటెల్‌శాట్-17 అను నది 66 డిగ్రీల యొద్దను నిలిచినవి. ఉపగ్రహములకు ఆయుర్దాయము కలదు. ఒకటి పోయిన స్థానమున వేరొకటి వచ్చి నిలుచును. 83 డిగ్రీల స్థానమునకు 2020 లో జీశాట్-30 వచ్చుట ఇట్టిదే. కావున ఉపగ్రహముల పేళ్ళకంటె వాని స్థానములను గుర్తుంచుకొనుట మేలు.

మోటారు కొనుటకు ముందు, అది కావలెనా యని విచారింపవలెను. మీరు కోరు కార్యక్రమములన్నియు ఒక్క ఉపగ్రహమునందే యున్నచో డిష్షును స్థిరముగా బిగించుటయే మేలు. రెండు ఉపగ్రహములు నాలుగైదు డిగ్రీల ఎడములో నున్నచో, మొదటి ఎల్.ఎన్.బి. ప్రక్కన రెండవ దాని నమర్చిన చాలును. దూరదర్శన్‌వారి ఫ్రీ డిష్ మాత్రమే కావలసినవారికి గోడకు బిగించు చిన్న డిష్షు సరిపోవును. దూరదూరముగా నున్న మూడు నాలుగు ఉపగ్రహములను ఒకే డిష్షుతో చూడగోరువానికే మోటారు.

ఇక గోళగణితము. ఏలూరు అక్షాంశము ఇంచుమించు 16.7 డిగ్రీలు, తూర్పు రేఖాంశము 81.1 డిగ్రీలు, తాడేపల్లిగూడెమునకు భేదము స్వల్పము. ఇచ్చటినుండి చూచినచో 83 డిగ్రీల ఉపగ్రహము దాదాపు దక్షిణముగా 70 డిగ్రీల యెత్తున, అనగా నడినెత్తికి చేరువగా నుండును. 66 డిగ్రీలది నైరృతిమూలగా 64 డిగ్రీల యెత్తునను, 105.5 డిగ్రీలది ఆగ్నేయమునకును తూర్పునకును నడుమ 56 డిగ్రీల యెత్తునను ఉండును. డిష్షు ఒక్క ఇరుసుపై తిరుగుచు ఈ వరుస నంతటిని చూడవలెనన్నచో, ఆ ఇరుసు భూమి యిరుసునకు సమాంతరముగా, ధ్రువనక్షత్రమువైపు చూచుచుండవలెను. ధ్రువుడు ఏ యూరిలోనైనను ఆ యూరి అక్షాంశమంత యెత్తున కనబడునని మనకు తెలిసినదే. కావున ఏలూరులో ఆ ఇరుసు నేలమట్టమునుండి సుమారు 17 డిగ్రీలు మాత్రమే లేచియుండును. డిష్షు ముఖమును ఆ పైని మఱి సుమారు 3 డిగ్రీలు దక్షిణమునకు వంచవలెను.

ఇందులోనే అసలు సంగతి యున్నది. లండను నగరమున ఆ ఇరుసు 51 డిగ్రీలకు పైగా లేచి నిలుచును. అచ్చట డిష్షు చాలవరకు తలుపువలె తిరుగును. తలుపు బరువును బందులు మోయును. త్రోయు చేతికి శ్రమ తక్కువ. మనయొద్ద ఇరుసు పండుకొనియుండును గనుక డిష్షు భోషాణపు మూతవలె ఒకప్రక్కకు వ్రాలి, మరల లేచును. మూతను ఎత్తిపట్టిన చేయి దాని బరువును మోయవలసినదే గదా! కావున చలిదేశములవారి పట్టికలో “ఇంత డిష్షునకు ఇంత మోటారు చాలు” నని యున్నచో, మన ప్రాంతమున అంతకంటె ఒక మెట్టు బలమైనదానిని కొనవలెను. డిష్షు స్టాండు 17 డిగ్రీల వరకు వంగునో లేదో కూడ కొనుటకు ముందే చూచుకొనవలెను.

ఈ మోటారును యాక్చువేటరు అందురు. ఇందు రెండు జాతులు. ఒకటి లారీ జాకీ వంటిది: గొట్టములోని మర తిరుగుటచే కడ్డీ ముందుకు వెనుకకు నడచి డిష్షును నెట్టును, లాగును. రెండవది ఇరుసుననే పళ్ళచక్రములతో త్రిప్పి, తూర్పు దిగంతమునుండి పడమటి దిగంతమువరకు తీసికొనిపోవునది, వెల యెక్కువ. మనకు 66 మొదలు 105.5 వరకు చూచుటకు ఇరుసుపై తిరుగవలసినది 46 డిగ్రీలు మాత్రమే. అందుచే మొదటి జాతియే చాలును. చిన్న డిష్షులకు వాడు, ఎల్.ఎన్.బి. తీగనుండియే కరెంటు గ్రహించు చిన్న మోటారులు పది అడుగుల డిష్షునకు పనికిరావు.

కడ్డీ పొడవు ఎంత యుండవలెను? ఇరుసునకు 50 సెంటీమీటర్ల దూరమున కడ్డీని తగిలించితిమనుకొందము. 46 డిగ్రీలు తిరుగుటకు కడ్డీ సుమారు 39 సెంటీమీటర్లు నడువవలెను. 18 అంగుళముల కడ్డీ 45 సెంటీమీటర్లకు కొంచెము మించి నడచును; అది సరిపోవును గాని అంచున సరిపోవును. పది అడుగుల డిష్షునకు 24 అంగుళములది తీసికొనుట నెమ్మది. కడ్డీని ఇరుసునకు మఱింత దగ్గరగా తగిలించి చిన్నదానితో సరిపెట్టవచ్చునని కొందరందురు. అది పొదుపు గాదు. దూరము సగమైనచో మోటారుపై భారము రెట్టింపగును; మరలోని వదులు వలన గలుగు తప్పును రెట్టింపగును. 50 సెంటీమీటర్ల యొద్ద ఒక డిగ్రీ అనగా కడ్డీపై దాదాపు 9 మిల్లీమీటర్లు. అక్కడ 2 మిల్లీమీటర్ల వదులున్నను పావు డిగ్రీ లోపుననే తప్పును. 25 సెంటీమీటర్ల యొద్ద అదే వదులు అర డిగ్రీ తప్పించును. పది అడుగుల డిష్షు చూపు వెడల్పు సుమారు ఒకటి ముప్పాతిక డిగ్రీ మాత్రమే యని గుర్తుంచుకొనుడు. కడ్డీ ఎంత చాచినను, ఎంత ముడిచినను, ఇరుసువైపునకు తిన్నగా వాలిపోవునట్లు బిగింపరాదు. అట్లయిన నెట్టు బలమంతయు వ్యర్థమగును.

మరలలోను భేదము కలదు. సాధారణమైన మర రాపిడి గలది. కరెంటు లేనపుడు తనంత తానే బిగిసి నిలుచును. ఉక్కు గుండ్లపై దొరలు మర తేలికగా నడచును, ఎక్కువ భారము నోర్చును. కాని లోపల బ్రేకు లేనిచో గాలి త్రోపునకు వెనుకకు జరుగవచ్చును. బ్రేకు కలదా యని అడిగి తీసికొనుడు. కడ్డీ ఎంత నడచినదో లెక్కపెట్టు చిన్న స్విచ్చి లోపల నుండును. మిల్లీమీటరున కొక్క లెక్కయైన నిచ్చునది మంచిది. రెండు కొసల యందును తనంత తానే ఆగు స్విచ్చులు తప్పక ఉండవలెను.

ఈ మోటారులు సాధారణముగా 36 వోల్టులతో నడచును. తీగ సన్నమైనచో ఆ వోల్టులు దారిలోనే హరించిపోవును. ఇంటినుండి డిష్షు 30 మీటర్ల దూరమున నుండి, మోటారు 4 ఆంపియర్లు తీసికొనునపుడు, 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగితీగలో ఇంచుమించు 6 వోల్టులు పోవును, 2.5 ది వేసినచో రెండింటి లోపే పోవును. మోటారు బలహీనమని తిరిగి యిచ్చివేయుటకు ముందు తీగను చూడుడు.

ఇక గాలి. మన సీమలో ఇది వినోదము కాదు. 1977 నవంబరు 19 న దివిసీమను, 1996 నవంబరులో కోనసీమను ముంచిన తుపానులను చూచిన కండ్లు మనవి. గంటకు 100 కిలోమీటర్ల గాలి పది అడుగుల రేకు డిష్షును ఎదురుగా తాకినచో, సుమారు 400 కిలోల బరువు మోపినట్లగును. గాలివేగము రెట్టింపైన భారము నాలుగింతలగును. ఏ మోటారు చేయియు ఆ బలమునకు చాలదు. ఇందుకు మన అక్షాంశమే ఒక యుపకారము చేయుచున్నది: డిష్షును నడిమిస్థానమునకు తెచ్చినచో అది 70 డిగ్రీలు పైకి చూచుచు వెల్లకిలగా నుండును, గాలికి అంచు మాత్రమే అగపడును. తుపాను హెచ్చరిక వినగానే డిష్షును అచ్చటికి తెచ్చి, కరెంటు తీసివేసి, నాలుగువైపుల మోకులతో నేలలోని మేకులకు కట్టవలెను. గాలి లేచిన తరువాత ఆ పనికి పిల్లలను పంపకుడు. డిష్షు పోయిన కొనుక్కొనవచ్చును. వెల్లకిలగా నున్న రేకు డిష్షు బానవలె వాననీటిని పట్టును గనుక, నీరు నిలుచు తావున రంధ్రము లుంచవలెను. వల డిష్షునకు ఈ బాధ లేదు. కాని నాటి కోళ్ళగూటి వల నేటి పొట్టి తరంగములకు పనికిరాదు, కండ్లు మిక్కిలి సన్నముగా నుండవలెను.

కొల్లేటి ఒండ్రునేల మెత్తనిది. స్తంభము ఒక్క డిగ్రీ ఒరిగినను డిష్షు చూపు వరుస తప్పును. కావున గోతిని లోతుగా త్రవ్వి కాంక్రీటు పోసి, తాపీవాని గుండు వ్రేలాడదీసి నాలుగుప్రక్కల నిలువు చూచుకొనుడు. ఉత్తరదిక్కును గుర్తించుటకు సూర్యసిద్ధాంతమున చెప్పిన శంకువు నేటికిని చాలును: సమతలమైన నేలపై వృత్తము గీచి, నడుమ కఱ్ఱ నిలిపి, ఉదయము దాని నీడకొన వృత్తము నంటిన చోటును, సాయంకాలము అంటిన చోటును కలిపిన తూర్పు పడమరల గీత వచ్చును. ఇరుసు సరిగా కుదిరినదో లేదో చూచుటకు సూర్యుడే సాక్షి. మార్చి 13, సెప్టెంబరు 30 ప్రాంతములందు సూర్యుడు ఉపగ్రహముల వరుసవెంటనే నడచును. ఆ దినములలో డిష్షును సూర్యునివైపు త్రిప్పినచో, ఉదయమైనను మధ్యాహ్నమైనను ఎల్.ఎన్.బి. నీడ డిష్షు నడుమనే పడవలెను. తప్పుచున్నచో మోటారును నిందింపక ఇరుసును సవరింపుడు.

కడ్డీపై రబ్బరు తొడుగు చినిగినదేమో వర్షకాలమునకు ముందు చూచి, మరకు గ్రీజు పెట్టుడు. మోటారుపెట్టె అడుగున నీరు జారు రంధ్రము క్రిందివైపు నుండునట్లు బిగింపుడు. చీమలు దానిని పూడ్చకుండ చూచుకొనుడు. స్తంభమునకు పిడుగు భయమునకై భూమితీగ వేయుడు.

అంగడివారు వేగమును, మెఱుగును ముందు చూపుదురు. మీరు మోయు బలమును ముందు, వదులు లేమిని తరువాత, వేగమును కడపట చూడుడు. ఉపగ్రహము కదలదు, మన డిష్షు అర నిముష మాలస్యముగా దాని యొద్దకు చేరినను నష్టము లేదు.