ఫినాయిల్ సీసా వెనక వైపు

పటాన్‌చెరు దాటాక సంగారెడ్డి వైపు సాగే ముంబయి హైవే మీద కెమికల్ ట్యాంకర్లు బారులు తీరి పోతుంటాయి. వాటి ఒంటి మీద ఓ పలక ఉంటుంది. అందులో నాలుగంకెల నంబరు, మండే స్వభావాన్ని చెప్పే ఎర్రటి డైమండ్ గుర్తు, ఆపదలో ఫోన్ చేయాల్సిన నంబరు కనిపిస్తాయి. 1219 అని ఉంటే లోపలున్నది ఐసోప్రొపైల్ ఆల్కహాల్. 1170 అయితే ఇథనాల్. 1230 అయితే మిథనాల్. మూడూ మంచినీళ్లలా తేటగా ఉంటాయి, మూడూ భగ్గున అంటుకుంటాయి. మొదటి రెండూ చేతులకు రాసుకునే శానిటైజర్‌లో పడతాయి. మూడోది కడుపులోకి పోతే ముందు చూపు పోతుంది, తర్వాత ప్రాణం పోతుంది. ట్యాంకర్ బోల్తా పడితే వచ్చే ఫైర్ సిబ్బంది తమ పని మొదలుపెట్టేది ఆ అంకెల్ని బట్టే. అందుకే కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 134వ నిబంధన ఆ పలకను తప్పనిసరి చేసింది.

అదే ద్రవం ట్యాంకర్ నుంచి డ్రమ్ములోకి, డ్రమ్ము నుంచి ఐదు లీటర్ల క్యాన్‌లోకి, అక్కణ్నుంచి వంద మిల్లీలీటర్ల సీసాలోకి దిగుతుంది. దిగే కొద్దీ దాన్ని ముట్టుకునే చేతులు పెరుగుతాయి, అదేమిటో తెలిసినవాళ్లు తగ్గుతారు. ఫ్యాక్టరీలో కెమిస్ట్ చేతిలో ఉన్నప్పుడు దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ కాగితం మీద ఉంటాయి. అపార్ట్‌మెంట్ మెట్లు తుడిచే మనిషి బకెట్‌లోకి వచ్చేసరికి చాలాసార్లు పేరు కూడా మిగలదు.

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, జిన్నారం, గడ్డపోతారం, కాజీపల్లి... ఈ పట్టీలో మందుల ముడిసరుకు తయారుచేసే పరిశ్రమలకు ఆల్కహాళ్లు, ద్రావకాలు రోజూ వాడే సరుకే. సామాన్యుడి ఇంటికి అవి పేరుతో సహా వచ్చింది మాత్రం 2020లో. ఆ ఏడాది మార్చి 13న కేంద్రం శానిటైజర్లను నిత్యావసర సరుకుల జాబితాలో చేర్చింది. మార్చి 21న 200 మిల్లీలీటర్ల సీసా ధర 100 రూపాయలు మించకూడదని కట్టడి పెట్టింది. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్ పరిశోధకులు ఆ నెలలోనే తమ క్యాంపస్ అవసరాల కోసం సొంతంగా శానిటైజర్ తయారుచేసుకున్నారు. డిస్టిలరీలూ రంగంలోకి దిగాయి. అదే ఏడాది జులై 27న శానిటైజర్ అమ్మడానికి మందుల షాపు లైసెన్సు అక్కర్లేదని ఆరోగ్య శాఖ మినహాయింపు ఇచ్చింది. కిరాణా కొట్టు, సెల్‌ఫోన్ షాపు, పాన్ డబ్బా, ఎక్కడ చూసినా సీసాలే. అమ్మకానికి లైసెన్సు పోయింది కానీ తయారీకి పోలేదు, లేబుల్ నియమాలూ పోలేదు. గడువు దాటిన సరుకు ఉంచకూడదన్న షరతు ఆ మినహాయింపులోనే ఉంది. కొన్నవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

మందుగా లైసెన్సు పొందిన శానిటైజర్ సీసా వెనక వైపు చూడండి. మందుల నిబంధనలు, 1945లోని 96వ నిబంధన ప్రకారం అక్కడ పేరుతో పాటు అసలు పనిచేసే పదార్థం ఏది, ఎంత ఉంది, మొత్తం పరిమాణం ఎంత, తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబరు, తయారీ లైసెన్సు నంబరు, తయారైన తేదీ, గడువు తేదీ ఉండాలి. ఒంటికి పూసుకునే ద్రవ మందుల మీద ‘బయటి వాడకానికి మాత్రమే’ అన్న అర్థం వచ్చే హెచ్చరిక ఉండాలని 97వ నిబంధన చెబుతుంది. వీటిలో జనం కళ్లు ముందుగా వెతకాల్సింది శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన రెండు ఫార్ములాల్లో ఒకదానిలో ఇథనాల్ 80 శాతం, మరోదానిలో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 75 శాతం. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం కనీసం 60 శాతం ఆల్కహాల్ ఉండాలంటుంది. నూటికి నూరు శాతం ఉంటే ఇంకా మంచిది కదా అనిపిస్తుంది. కాదు. క్రిమి ఒంట్లోని ప్రొటీన్ విరిగిపోవడానికి నీళ్లూ కావాలి. అందుకే ఆ ఇరవై, పాతిక శాతం నీళ్లు కల్తీ కాదు, ఫార్ములాలో భాగం. ఏ ఆల్కహాలో, ఎంత శాతమో రాయకుండా వేపాకు, నిమ్మకాయ, కలబంద బొమ్మలు మాత్రం ఉన్న సీసా చేతికి సువాసన ఇస్తుందేమో, అంతకు మించి ఏం చేస్తుందో చెప్పే ఆధారం దాని మీద లేదు.

‘99.9 శాతం క్రిములు హతం’ అన్నది ముందు వైపు పెద్దక్షరాల్లో ఉండే మాట. పది లక్షల క్రిములుంటే వెయ్యి మిగిలాయని దాని లెక్క. ఏ క్రిమి మీద పరీక్షించారు, ఎంతసేపు తడిగా ఉంచితే ఆ ఫలితం వచ్చింది అన్నవి వెనక వైపు చిన్నక్షరాల్లో ఉంటాయి. చేతులకైతే ఇరవై, ముప్ఫై సెకన్లు రుద్దాలి. నేలకైతే మందు కొన్ని నిమిషాలు తడిగా నిలవాలి. చల్లిన మరుక్షణం పొడిగుడ్డతో తుడిచేస్తే 99.9 ఊసే ఉండదు.

శానిటైజర్ కంటే మన ఇళ్లలో పాతకాపు ఫినాయిల్. దీనికోసం మందుల నిబంధనల్లో ‘షెడ్యూల్ ఓ’ అని ప్రత్యేకంగా ఒక భాగమే ఉంది. నల్ల ద్రవాలు, తెల్ల ద్రవాలు అని రెండు రకాలు, ఒక్కోదానిలో మూడు గ్రేడ్లు. గ్రేడు నిర్ణయించేది రీడియల్-వాకర్ గుణకం. 1903లో శామ్యూల్ రీడియల్, ఎయిన్స్‌లీ వాకర్ అనే ఇద్దరు బ్రిటన్ రసాయన శాస్త్రవేత్తలు రూపొందించిన పరీక్ష ఇది. టైఫాయిడ్ క్రిమిని చంపడంలో కార్బాలిక్ యాసిడ్‌తో పోలిస్తే ఈ ద్రవం ఎన్ని రెట్లు శక్తిమంతమో కొలుస్తుంది. మొదటి గ్రేడుకు గుణకం 18, రెండో గ్రేడుకు 10, మూడో గ్రేడుకు 5 ఉండాలి. అంటే మొదటి గ్రేడు ఒక మూత పోసే చోట మూడో గ్రేడు మూడున్నర మూతలకు పైగా పోయాలి. సగం ధరకు వచ్చిందని మూడో గ్రేడు డబ్బా కొని అదే మూత కొలతతో వాడే హాస్టల్, ఫంక్షన్ హాల్, ప్రైవేటు బడి తమకు తెలియకుండానే నేలకు వాసన పట్టిస్తున్నాయి, అంతే. ఆ ఒక్క అంకె లేబుల్ మీద చదివితే లెక్క తేలిపోతుంది. ఇక మార్కెట్లో పూల వాసనలతో వచ్చే ద్రవాల్లో కొన్ని కేవలం క్లీనర్లే. మురికి వదిలిస్తాయి కానీ క్రిముల్ని చంపుతామని వాటి లేబుల్ కూడా చెప్పదు.

నిజమైన బెడద విడిగా అమ్మే ఫినాయిల్, శానిటరీ యాసిడ్. వాడేసిన మంచినీళ్ల సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో నింపి, బండి మీద పెట్టి వీధుల్లో అమ్ముతారు. తూనికలు కొలతల శాఖ అమలుచేసే ప్యాకేజీ సరుకుల నిబంధనలు, 2011 ప్రకారం ప్యాకెట్ కట్టి అమ్మే ప్రతి సరుకు మీదా తయారీదారు లేదా ప్యాక్ చేసినవారి చిరునామా, సరుకు పేరు, నికర పరిమాణం, తయారైన నెల, సంవత్సరం, అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ ధర, ఫిర్యాదుకు సంప్రదించాల్సిన వివరాలు ఉండాలి. బండి మీది సీసాకు వీటిలో ఒక్కటీ ఉండదు. పైగా పిల్లలకు తెలిసిన కూల్‌డ్రింక్ కంపెనీ స్టిక్కర్ మాత్రం చెక్కు చెదరకుండా ఉంటుంది. ఇంతకన్నా ప్రమాదకరమైన లేబుల్ ఇంకోటి ఉండదు.

2020 జులై ఆఖర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో ఏం జరిగిందో తెలుగువాళ్లు మరచిపోలేరు. కరోనా కట్టడితో మద్యం షాపులు మూసేస్తే, అలవాటు పడ్డ కొందరు శానిటైజర్ తాగారు. పది మందికి పైగా చనిపోయారు. ఆ దర్యాప్తు చివరికి హైదరాబాద్‌లోని తయారీదారు దాకా వెళ్లింది. అదే ఏడాది మే, జూన్ నెలల్లో అమెరికాలోని ఆరిజోనా, న్యూమెక్సికో రాష్ట్రాల్లో శానిటైజర్ తాగి మిథనాల్ విషం ఎక్కిన 15 మందిని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం లెక్కగట్టింది. నలుగురు చనిపోయారు, ముగ్గురు చూపు దెబ్బతిని ఇళ్లకు వెళ్లారు. తాగాలని తెగించినవాణ్ని లేబుల్ ఆపలేదు, నిజమే. కానీ లేబుల్ మీద ఇథనాల్ అని రాసి లోపల మిథనాల్ పోసినవాడు చేసిన నేరం తాగినవాడి బలహీనత కంటే చాలా పెద్దది. బ్యాచ్ నంబరూ లైసెన్సు నంబరూ సరిగ్గా ఉంటే ఆ సరుకు ఇంకా ఏ షాపుల్లో ఉందో గంటల్లో కనిపెట్టి వెనక్కి రప్పించవచ్చు. ఆ రెండూ దొంగవైతే ఊరూరా వెతుక్కోవాల్సిందే.

అన్నీ నిబంధన ప్రకారమే రాసినా ఇంకో చిక్కు మిగులుతుంది. ప్యాకేజీ సరుకుల నిబంధనల ప్రకారం వివరాలు హిందీలో గానీ ఇంగ్లీషులో గానీ ఉంటే చాలు. మరో భాషలోనూ అదనంగా రాసుకోవచ్చు, తప్పనిసరి కాదు. అదే పురుగుమందుల విషయానికి వస్తే 1971 నాటి నిబంధనలు వేరే దారి పట్టాయి. సరుకు అమ్ముడయ్యే ప్రాంతంలో వాడుకలో ఉన్న ఒకటి రెండు స్థానిక భాషల్లో లేబుల్, లోపలి కరపత్రం అచ్చు వేయాలని చెప్పాయి. చదువు రానివాళ్ల కోసం డైమండ్ ఆకారంలో రంగు గుర్తు కూడా పెట్టాయి. ఎరుపు అత్యంత విషపూరితం, ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. సదాశివపేట, జహీరాబాద్ వైపు పత్తి రైతు ఆ రంగు చూసి డబ్బాను ఎంత దూరంలో పెట్టాలో చెప్పగలడు. పొలంలో వాడే విషానికి ఉన్న ఈ ఏర్పాటు ఇంట్లో, బడిలో, ఆస్పత్రిలో వాడే విషానికి లేకపోవడం పెద్ద లోటు. దాన్ని సరిదిద్దడం కష్టమేమీ కాదు, దారి పురుగుమందుల నిబంధనల్లోనే ఉంది.

పటాన్‌చెరు పట్టీలో తెలుగు ఒక్కటే చాలదు కూడా. ఇక్కడి షెడ్లలో ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన కార్మికులు ఎందరో పనిచేస్తున్నారు. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి పరిశ్రమలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా చనిపోతే, మృతుల్లో ఆ రాష్ట్రాల వాళ్లు చాలామంది ఉన్నారు. ఆ ప్రమాదం లేబుళ్లకు సంబంధించింది కాదు. కానీ ఈ ఫ్యాక్టరీల్లో ఏ భాషలు మాట్లాడేవాళ్లు ప్రాణాలు పణంగా పెట్టి పనిచేస్తున్నారో అది దేశానికంతటికీ చూపింది. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనల్లో 17వ నిబంధన ప్రతి డ్రమ్ము మీదా లోపలున్నదేమిటో, తయారీదారు ఎవరో, దాని విష స్వభావమేమిటో తెలిపే లేబుల్ ఉండాలంటుంది. ఆ డ్రమ్ము నుంచి మగ్గుతో తీసి చిన్న క్యాన్‌లో పోసుకునే కార్మికుడికి ఆ రాత చదవడం వస్తేనే దాని ప్రయోజనం. చిన్న క్యాన్ మీద మార్కర్‌తో తెలుగులో, హిందీలో, ఒడియాలో పేరు, శాతం రాయడానికి పట్టేది ఒక్క నిమిషం.

శాతం ఎందుకంత ముఖ్యమో సోడియం హైపోక్లోరైట్ చెబుతుంది. కరోనా రోజుల్లో నేలలు, తలుపు గడియలు తుడవడానికి ఆరోగ్య శాఖ ఒక శాతం ద్రావణం వాడమంది. మనుషుల మీద చల్లవద్దని 2020 ఏప్రిల్ 18న విడిగా హెచ్చరించింది కూడా. ఐదు శాతం సరుకైతే ఒక పాలు మందుకు నాలుగు పాళ్ల నీళ్లు కలపాలి. పది శాతమైతే తొమ్మిది పాళ్లు. లేబుల్ లేని క్యాన్ చేతికొస్తే ఏ లెక్కన కలపాలి? పైగా ఇది ఎండకు, వేడికి, రోజులు గడిచే కొద్దీ బలం కోల్పోతుంది. మేలో రేకుల షెడ్డులో నెలల తరబడి నిలవున్న క్యాన్ మీద తయారీ తేదీ లేకపోతే లోపలున్నది మందో నీళ్లో చెప్పలేం. దీన్నే యాసిడ్ చల్లిన బాత్‌రూమ్‌లో పోస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసుకుని కడిగేవాళ్లకు ఊపిరాడదు. ‘వేరే దేంతోనూ కలపవద్దు’ అన్న హెచ్చరిక చిన్నక్షరాల్లో ఇంగ్లీషులో ఉంటే, దాన్ని రోజూ కలిపేది ఇంగ్లీషు రాని చేతులే.

లేబుల్ మీద వివరాలు లేకపోయినా, తేడాగా అనిపించినా 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఫిర్యాదు చేయవచ్చు. శానిటైజర్ నాణ్యత మీద అనుమానమైతే జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు చెప్పవచ్చు. సీసా పారేయకుండా, బిల్లు ఉంటే దానితో సహా దాచి ఉంచాలి.

ఎవరైనా పొరపాటున తాగితే 108కు ఫోన్ చేయాలి, వాంతి చేయించకూడదు. యాసిడ్ అయితే పైకి వస్తూ గొంతును రెండోసారి కాలుస్తుంది. నూనెలున్న ఫినాయిల్ అయితే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఆస్పత్రిలో డాక్టరు మొదట అడిగేది ఏం తాగారని. మిథనాల్ అని తేలితే దానికి విరుగుడు మందు ఉంది, యాసిడ్ అయితే ఆ విరుగుడుతో పని లేదు, చికిత్స దారే వేరు. కాబట్టి రోగితో పాటు ఆ సీసానూ తీసుకెళ్లాలి. కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఇచ్చిన సరుకైతే, ఇంట్లో ఇంకొకరు వెంటనే కొన్న చోటికి వెళ్లి, అమ్మినవాళ్ల దగ్గరున్న అసలు క్యాన్ లేబుల్‌ను ఫొటో తీసి ఆస్పత్రిలో ఉన్నవాళ్ల ఫోన్‌కు పంపాలి.