అబ్బాయి రౌటర్ తయారుచేస్తానంటే... అమ్మ అడగాల్సిన ప్రశ్నలు!

"అమ్మా, అటక మీద పడున్న పాత కంప్యూటర్‌తో రౌటర్ నేనే చేసేస్తా. ఒక్క వైఫై కార్డు కొనిపెట్టు చాలు" అని పాలిటెక్నిక్ చదివే అబ్బాయో, డిగ్రీ చదివే అమ్మాయో అడిగితే మీరేం చెప్తారు? "ఆ గోల నాకు తెలీదు, మీ నాన్ననడుగు" అనేస్తారా? అలా అనకండి. ఇంటి ఖర్చు చూసేది మీరు. కరెంటు బిల్లు కట్టేది మీరు. సాయంత్రం నెట్ ఆగిపోతే పిల్లల అరుపులు వినేదీ మీరే. కాబట్టి నాలుగు సంగతులు మీకూ తెలిసుండాలి. ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. మిక్సీ కొనేటప్పుడు మోటారు, జార్లు, గ్యారంటీ అడగడం లేదూ? ఇదీ అంతే.

ఖమ్మం దాటి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం, అక్కణ్నుంచి దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్లేకొద్దీ అడవి దగ్గరవుతుంది, ఫోన్లో సిగ్నల్ గీతలు తగ్గుతాయి. 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో టీవీ, ఫోన్ల ద్వారా పాఠాలు మొదలైనప్పుడు ఈ గీతల విలువ ప్రతి తల్లికీ తెలిసొచ్చింది. ఇప్పుడు పరీక్ష ఫీజులు, ఫలితాలు, గ్యాస్ బుకింగు అన్నీ నెట్‌లోనే. అందుకే ఇంట్లో నెట్‌ను అందరికీ సరిగా పంచే పెట్టె ఒకటి అవసరమవుతోంది.

అసలు రౌటర్ అంటే?

పంచాయతీ నీళ్లు ఒక్క పైపులో వస్తాయి. మనం వాటిని వంటింటికీ, స్నానాలగదికీ, పెరట్లోకీ పంచుకుంటాం. బయటి నుంచి వచ్చే నెట్‌ను ఇంట్లో ఉన్న ఫోన్లకూ టీవీకీ అలా పంచేదే రౌటర్. దానికి మెదడు ఒకటి, వైర్లు లేకుండా పంచే వైర్‌లెస్ భాగం ఒకటి ఉంటాయి.

మెదడు సొంతంగా తయారుచేసుకోవడం కొత్తేమీ కాదు. 2002 చివర్లో లింక్‌సిస్ కంపెనీ డబ్ల్యూఆర్‌టీ 54జీ అనే రౌటర్ తెచ్చింది. లోపల ఉన్నది ఉచిత సాఫ్ట్‌వేర్ అయిన లినక్స్ అని తేలడంతో 2003లో ఆ ప్రోగ్రామును బయటపెట్టాల్సి వచ్చింది. దాని ఆధారంగా 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పుట్టింది. ఈరోజుకీ దాన్ని పైసా ఖర్చు లేకుండా పాత కంప్యూటర్లో, రాస్ప్‌బెర్రీ పై లాంటి అరచేతి కంప్యూటర్లో వేసుకోవచ్చు. అంటే మెదడు దాదాపు ఉచితం. డబ్బు పెట్టాల్సింది, తప్పు జరిగే వీలున్నదీ వైర్‌లెస్ భాగం దగ్గరే.

ముందు బయటి నెట్ సంగతి చూడండి

బావిలో నీళ్లు లేకుండా ఇంట్లో ఎన్ని కుళాయిలు పెట్టినా ఏం లాభం? ఎంత ఖరీదైన వైఫై కార్డయినా బయటి సిగ్నల్‌ను పెంచలేదు. ముందు ఫోన్లోంచి సిమ్ము తీసి వేరే కంపెనీ సిమ్ము వేసి, ఇంట్లో నాలుగు మూలలా, మేడ మీదా చూడండి. ఎక్కడ బాగా వస్తే 4జీ డాంగిల్ అక్కడ పెట్టాలి. సిగ్నలే లేని 24,680 గ్రామాలకు 4జీ టవర్లు వేయడానికి కేంద్ర మంత్రివర్గం 2022 జూలైలో ఆమోదం తెలిపింది. మీ ఊరికి టవరో, ఫైబర్ లైనో వచ్చే మాటుంటే అదీ కనుక్కున్నాకే డబ్బు తియ్యండి.

కరెంటు లెక్క

రౌటర్ రాత్రింబగళ్లు తిరుగుతూనే ఉంటుంది. పాత కంప్యూటర్ 60 వాట్లు లాగుతుందనుకోండి. రోజుకి 1.44 యూనిట్లు, నెలకి 43 యూనిట్లు! షాపులో దొరికే మామూలు రౌటర్ 10 వాట్లదైతే నెలకి 7 యూనిట్లు. అరచేతి కంప్యూటర్ 5 వాట్లదైతే 4 యూనిట్లు కూడా కాదు.

తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో మొదలైన గృహజ్యోతి పథకం కింద, అర్హులైన ఇళ్లకు నెలకి 200 యూనిట్ల వరకు బిల్లు సున్నా. మీ ఇంట్లో 170 యూనిట్లు కాలుతున్నాయనుకోండి. దానికి ఈ 43 కలిస్తే 213. సున్నా బిల్లు కాస్తా పూర్తి బిల్లు అవుతుంది. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన చింతూరు, కూనవరం వైపు నిబంధనలు వేరు గానీ, శ్లాబు పెరిగితే రేటు పెరగడం అక్కడా తప్పదు. అటక మీది కంప్యూటర్ "ఊరికే వచ్చింది" కదా అని మురిసిపోకండి. నెలనెలా వసూలు చేసుకుంటుంది.

కార్డు వడ్డిస్తుందా, తింటుందా?

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. లాప్‌టాప్‌లో ఉండే వైఫై కార్డు పని ఎక్కడో ఉన్న రౌటర్ నుంచి నెట్ పుచ్చుకోవడం. విస్తరి ముందు కూర్చునే చుట్టం లాంటిది. రౌటర్‌లో పెట్టే కార్డు వడ్డించే మనిషిలా పదిమందికీ అందించాలి. ఈ వడ్డించే గుణాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్ అంటారు. అన్ని కార్డులకీ ఇది ఉండదు. కొన్నింటికి పేరుకి ఉన్నా, నాలుగు ఫోన్లు తగిలించేసరికి చేతులెత్తేస్తాయి.

ఇంటెల్ కార్డులు లాప్‌టాప్‌లో చక్కగా పనిచేస్తాయి. లినక్స్‌లో 5 గిగాహెర్ట్జ్ మీద వడ్డించడానికి మాత్రం సాధారణంగా ఒప్పుకోవు. అథిరోస్ ఏఆర్ 9380 లాంటి పాత చిప్పులు, మీడియాటెక్ ఎంటీ 7612, ఎంటీ 7915 లాంటి చిప్పులు ఈ పనికి పేరు తెచ్చుకున్నాయి. డబ్బా మీది కంపెనీ పేరు కాదు, లోపలి చిప్పు పేరు అడగాలి. ఒకే పేరుతో అమ్మే డాంగిల్‌లో మొదటి రకానికి ఒక చిప్పు, రెండో రకానికి ఇంకో చిప్పు ఉండడం మామూలే. నచ్చకపోతే వాపసు తీసుకునే షాపులోనే కొనండి.

కార్డు ఎక్కడ గుచ్చాలన్నది ఇంకో సంగతి. పాత లాప్‌టాప్‌లలో మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్, కొత్తవాటిలో ఎం.2, పెద్ద కంప్యూటర్లలో పీసీఐ ఎక్స్‌ప్రెస్ అనే గాళ్లుంటాయి. ఒకదానిది ఒకదానికి పట్టదు. కుక్కర్ గాస్కెట్ కొనడానికి వెళ్తూ మూత పట్టుకెళ్లినట్టు, కంప్యూటర్ మూత తీసి ఆ గాడిని ఫోటో తీసుకుని వెళ్లడం మేలు. యూఎస్‌బీ డాంగిల్ అయితే గుచ్చడం తేలికే గానీ, చిన్న బిళ్ల లాంటివి ఇల్లంతా అందించలేవు. పైగా యూఎస్‌బీ 3 పోర్టు దగ్గర 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కి అంతరాయం కలుగుతుంది. చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో డాంగిల్‌ను దూరంగా పెడితే తేడా కనిపిస్తుంది.

2.4 మంచిదా, 5 మంచిదా?

2.4 గిగాహెర్ట్జ్ నిదానం, కానీ గోడలు దాటుకుని దూరం వెళ్తుంది. 5 గిగాహెర్ట్జ్ వేగం, కానీ గోడ అడ్డమొస్తే నీరసపడుతుంది. మూరెడు మందం మట్టిగోడల పెంకుటిల్లయితే 2.4 తప్పనిసరి. పాత ఫోన్లు కొన్ని దాన్నే పట్టుకుంటాయి కూడా. రెండు గదుల స్లాబు ఇంట్లో, రౌటర్ ఉన్న గదిలోనే టీవీ ఉంటే 5 బాగుంటుంది. చాలా కార్డులు ఒక సమయంలో రెంటిలో ఒకదాన్నే ఇస్తాయి. రెండూ కావాలంటే రెండు కార్డులు పెట్టాలి, లేదా రెండూ ఒకేసారి ఇచ్చే కార్డు అని అడిగి మరీ కొనాలి.

మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది కూడా 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే! అది తిరుగుతున్నప్పుడు పక్క గదిలో వీడియో ఆగితే నేరం రౌటర్‌ది కాదు. ఇద్దర్నీ దూరదూరంగా ఉంచండి.

ఏంటెన్నా, గారె

పెద్ద ఏంటెన్నా ఉంటే మంచిదనుకుంటాం. నిలువుగా నిలబెట్టిన ఏంటెన్నా చుట్టూ సిగ్నల్ గారె ఆకారంలో పరుచుకుంటుంది. 2 డీబీఐ ఏంటెన్నా అయితే బొద్దుగా ఉన్న గారె. 9 డీబీఐ అయితే అరచేత్తో నొక్కి పల్చగా చేసిన గారె. పిండి అంతే, వెడల్పు పెరిగింది, ఎత్తు తగ్గింది. పెరటి దాకా ఒకే అంతస్తులో సాగిన ఇంటికి ఎక్కువ డీబీఐ పనికొస్తుంది. పైన గది ఉన్న ఇంటికి తక్కువదే మేలు.

ఎక్కడ పెట్టాలి?

ఇంటి మధ్యలో, తలెత్తు కన్నా పైన పెట్టండి. ఇనప బీరువా వెనక, ఫ్రిజ్ మీద, నీళ్ల డ్రమ్ము పక్కన వద్దు. ఇనుమూ, నీళ్లూ సిగ్నల్‌కి శత్రువులు. ఇనప రేకులు అడ్డముంటే వాటిని దాటి సిగ్నల్ పోవడం కష్టం. వానాకాలంలో తడిసిన ఆకులు కూడా సిగ్నల్‌ను మింగేస్తాయి. ఎండాకాలంలో చెట్ల అవతలి ఇంటిదాకా అందింది, శ్రావణంలో అందకపోతే ఆశ్చర్యపోకండి.

గోదావరి ఒడ్డున ఉన్నవాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. భద్రాచలం దగ్గర నీళ్లు 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలై 16న 71.3 అడుగులు వచ్చింది. 1986లో 75.6. నీళ్లు పెరుగుతున్నాయని తెలియగానే పెట్టెను విప్పి సామాన్లతో పాటు పైకి చేర్చేలా తేలికగా బిగించుకోండి. కరెంటు పోయినప్పుడు 12 వోల్టుల చిన్న యూపీఎస్ మామూలు రౌటర్‌ని కాసేపు నడిపిస్తుంది. పాత కంప్యూటర్‌ని నడపలేదు. ఉరుములొస్తుంటే ప్లగ్గు పీకెయ్యాలి, మేడ మీది ఏంటెన్నా వైరు కూడా తీసెయ్యాలి.

పక్క ఊరి దాకా పంపొచ్చా?

మన దేశంలో 2005 జనవరి నుంచి 2.4 గిగాహెర్ట్జ్ వాడకానికి లైసెన్సు అక్కర్లేదు. కానీ ఏంటెన్నాతో కలిపి 4 వాట్ల బలం దాటకూడదు. "డబుల్ పవర్" అని అమ్మే ఊరూపేరూ లేని పెట్టెలు కొనకండి. ప్రభుత్వ ఆమోదం ఉన్నదే అడగండి. పశ్చిమ గోదావరి జిల్లాలో భీమవరం చుట్టుపక్కల పల్లెలను బైర్రాజు ఫౌండేషన్ 'అశ్విని' పేరుతో ఇలా దూరపు వైఫైతోనే కలిపింది. అక్కడ చదునైన వరి పొలాలు, ఎత్తైన స్తంభాలు. ఈ కొస ఏంటెన్నాకి ఆ కొస కనిపించాలి. మన దగ్గర గుట్టలూ టేకుచెట్లూ అడ్డం. అదే పని ఇక్కడ అంత తేలిక కాదు.

చవకైన దారి ఒకటుంది

ఇంట్లో పాత రౌటర్ మూల పడుందా? కొత్త కార్డు కొనకుండా, తయారుచేసిన పెట్టెకు దాన్నే లాన్ వైరుతో కలిపి వైఫై పంచే పనికి వాడుకోవచ్చు. దాని అడ్రసు మార్చి, దాంట్లో డీహెచ్‌సీపీ ఆపేసి, వైరును లాన్ పోర్టులో గుచ్చితే సరి. వడ్డించే పని దానికి పుట్టుకతో వచ్చిందే!

కొనే ముందు ఆరు ప్రశ్నలు

1. బయటి నెట్ ఇంట్లో ఏ మూల బాగా వస్తోంది?
2. పెట్టె ఎన్ని వాట్లు? నెలకి ఎన్ని యూనిట్లు?
3. కార్డు లోపలి చిప్పు ఏది? యాక్సెస్ పాయింట్ మోడ్ లినక్స్‌లో పనిచేస్తుందా?
4. మన కంప్యూటర్ గాడికి పడుతుందా? ఏంటెన్నాలు వస్తాయా, విడిగా కొనాలా?
5. డబ్ల్యూపీఏ 2 గానీ 3 గానీ ఉందా? అది లేని పాత కార్డుతో పాస్‌వర్డు పెట్టినా రక్షణ లేదు.
6. పనిచేయకపోతే ఎన్ని రోజుల్లో వాపసు తీసుకుంటారు?

ఈ ఆరింటికీ పిల్లలు కాగితం మీద జవాబులు రాసి తెస్తే, నిశ్చింతగా డబ్బు ఇవ్వండి. నాలుగు జవాబులే తెస్తే మిగతా రెండూ తెలుసుకుని రమ్మనండి. పాస్‌వర్డు మాత్రం మీరే పెట్టండి, ఎక్కడైనా రాసి పెట్టుకోండి. శ్రీరామనవమి కల్యాణానికి వచ్చే చుట్టాలంతా ఇంట్లో కాలు పెట్టగానే ముందు అడిగేది దాన్నే!