జర్మన్ లాగర్‌కు ఏ ఈస్ట్?

చల్లగా, నెమ్మదిగా పులియడం లాగర్ బీర్ లక్షణం. ఏల్ రకం బీర్లను పులియబెట్టే ఈస్ట్, శాకరోమైసిస్ సెరివిసియే, 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర చురుగ్గా ఉంటుంది. లాగర్ ఈస్ట్, శాకరోమైసిస్ పాస్టోరియానస్, 9–14 డిగ్రీల చలిలోనూ పని ఆపదు. ఇది సంకర జాతి. సెరివిసియే నుంచి సగం వారసత్వం రాగా, చలిని తట్టుకునే గుణం శాకరోమైసిస్ యుబయానస్ అనే అడవి ఈస్ట్ నుంచి వచ్చింది. ఆ అడవి ఈస్ట్‌ను పటగోనియాలోని బీచ్ చెట్ల మీద గుర్తించినట్టు 2011లో ప్రకటించారు. బవేరియాలో 1553 నాటి ఆజ్ఞ బీర్ తయారీని చలికాలానికే పరిమితం చేసింది. ఆ చలిలో నెగ్గుకొచ్చింది ఈ సంకర ఈస్టే.

లాగర్ ఈస్ట్‌లలో సాజ్, ఫ్రోబెర్గ్ అని రెండు ప్రధాన కుటుంబాలున్నాయి. మాల్ట్ రసంలోని మాల్టోట్రయోస్ అనే చక్కెరను ఫ్రోబెర్గ్ ఈస్ట్‌లు బాగా వాడుకుంటాయి, సాజ్ ఈస్ట్‌లలో చాలావాటికి అది చేతకాదు. ఇంట్లో బీర్ కాచేవారికి ఈ తేడా ముఖ్యమైనది. మాల్టోట్రయోస్ మిగిలిపోతే పిల్స్‌నర్‌కు ఉండవలసిన పొడి ముగింపు రాదు.

లేత రంగు హెలెస్, చేదు పిల్స్, ముదురు డుంకెల్, మెర్ట్సెన్, బలమైన డాపెల్‌బాక్ అన్నిటినీ ఒకే ఈస్ట్‌తో చేయాలంటే దానికి సొంత రుచి తక్కువగా ఉండాలి. మాల్ట్, హాప్స్ రుచులే నాలుకకు తెలియాలి. పని ముగిశాక అది అడుక్కి చక్కగా దిగాలి. ఉష్ణోగ్రత కొంచెం అటూఇటూ అయినా పళ్ళ వాసనలు పుట్టించకూడదు. ఇంట్లో పాత ఫ్రిజ్‌ను నమ్ముకున్నవారికి ఈ చివరి గుణమే అన్నిటికన్నా విలువైనది.

ఈ లెక్కన మొదట ఎంచుకోవలసింది డబ్ల్యూ-34/70. మ్యూనిక్ దగ్గర ఫ్రైసింగ్‌లోని వైహెన్‌ష్టెఫాన్ నుంచి వచ్చిన ఈ ఫ్రోబెర్గ్ రకం ఫెర్మెంటిస్ సంస్థ పొడి ఈస్ట్‌గానూ దొరుకుతుంది. 12 డిగ్రీల దగ్గర శుభ్రంగా పులిసి, 18 దాకా వెళ్ళినా పెద్దగా అదుపు తప్పదు. అదే సంస్థ ఎస్-23 పళ్ళ వాసన ఎక్కువిస్తుంది కాబట్టి హెలెస్ లాంటి సున్నితమైన బీర్‌కు అంత అనువు కాదు. డబ్ల్యూ-34/70కీ ఒక పరిమితి ఉంది: చక్కెరలో 80 శాతానికి పైగా తినేస్తుంది కాబట్టి డుంకెల్ పలచబడవచ్చు. మాల్ట్ నానబెట్టే వేడిని 67–68 డిగ్రీలకు పెంచితే ఆ లోటు చాలావరకు తీరుతుంది.

మంచి ఈస్ట్ తెచ్చి తక్కువ వేయడం చాలామంది చేసే పొరపాటు. పాలలో తోడు చాలకపోతే పెరుగు సరిగా తోడుకోనట్టే ఇక్కడా జరుగుతుంది. చలిలో కణాలు నెమ్మదిగా పెరుగుతాయి కాబట్టి లాగర్‌కు ఏల్ కన్నా దాదాపు రెట్టింపు ఈస్ట్ కావాలి. 20 లీటర్లకు 11.5 గ్రాముల పొట్లాలు రెండు వేయడం క్షేమం. ద్రవ ఈస్ట్ అయితే ముందుగా కొద్దిపాటి మాల్ట్ రసంలో పెంచుకోవాలి.

పులిసేటప్పుడు పుట్టే డయాసెటిల్ బీర్‌కు వెన్న వాసన తెస్తుంది. ఈస్టే మళ్ళీ దాన్ని పీల్చుకుంటుంది, అందుకు కాస్త వెచ్చదనం కావాలి. పులియడం చివరికొస్తుండగా 16–18 డిగ్రీలకు పెంచి రెండు మూడు రోజులు ఉంచాలి. కొంచెం బీర్‌ను మూతపెట్టిన గ్లాసులో 60 డిగ్రీల దాకా వేడిచేసి, చల్లార్చి వాసన చూస్తే ఇంకా ఆగాలో లేదో తెలిసిపోతుంది. తరువాత 0–2 డిగ్రీల్లో కొన్ని వారాలు నిలవ ఉంచితే గంధకపు వాసన తగ్గి, బీర్ తేటపడుతుంది.

అడుగున మిగిలిన ఈస్ట్‌ను మళ్ళీ వాడుకోవచ్చు. ముందు హెలెస్, ఆ అడుగుతో డాపెల్‌బాక్ చేయడం సరైన వరుస. బలమైన బీర్‌కు ఎక్కువ కణాలు కావాలి, తేలికపాటి హెలెస్ నుంచి అవి ఆరోగ్యంగా వస్తాయి. డాపెల్‌బాక్‌లో ఆల్కహాల్‌కు అలసిన ఈస్ట్‌ను మాత్రం మళ్ళీ వాడకూడదు. తీసిన ఈస్ట్‌ను శుభ్రమైన సీసాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టి, రెండు వారాల్లోపే వాడేయాలి.