తాళం రాని సైకిల్, తిరిగిరాని డిపాజిట్: అపోహలు – వాస్తవాలు

2017 నవంబర్ 28న మియాపూర్‌లో హైదరాబాద్ మెట్రో మొదలైంది. ఆ తొలి ఏళ్లలో కొన్ని స్టేషన్ల దగ్గర రంగురంగుల కిరాయి సైకిళ్లు కూడా వరుసగా నిలబడేవి. కొన్ని స్మార్ట్‌బైక్ వాళ్లవి, కొన్ని జూమ్‌కార్ ‘పెడల్’ పేరుతో పెట్టినవి. ఫోన్‌తో స్కాన్ చేస్తే తాళం ఊడుతుంది, తొక్కుకుంటూ పోయి ఇంకోచోట పెట్టేయొచ్చు. కరీంనగర్ జిల్లా చొప్పదండి నుంచి అమీర్‌పేటకు కోచింగ్ కోసం పోయిన పిల్లలు దసరాకు ఇంటికొచ్చినప్పుడు ఈ సైకిళ్ల ముచ్చట కూడా తెచ్చేవారు. సగం గొప్పలు, సగం మొత్తుకోలు. యాప్‌లో చూపెట్టిన సైకిల్ అక్కడ లేదని ఒకరు, దిగినాక కూడా పైసలు కట్ అయ్యాయని ఒకరు.

సైకిల్ కిరాయికి తీసుకోవడం మన ఊళ్లకు కొత్త కాదు. బస్టాండు పక్కన సైకిల్ టాక్సీ దుకాణం ఎరుగని పాతతరం లేదు. గంటకింత అని కిరాయి, నోటుబుక్కులో పేరు, వెనక మడ్‌గార్డు మీద పెయింటుతో నంబరు. గాలి తక్కువైతే కొట్టిచ్చేవాడు, చైను పడితే వేసిచ్చేవాడు, ఆలస్యమైతే తిట్టేవాడు అక్కడే కూర్చుని ఉండేవాడు. నగరాల కొత్త పద్ధతిలో సైకిల్ వచ్చింది, ఆ మనిషి రాలేదు. తొక్కేవాళ్ల ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ లోటు నుంచి పుట్టినవే. అపోహలు కూడా.

అపోహ: యాప్‌లో సైకిల్ కనిపిస్తే అక్కడ సైకిల్ ఉన్నట్టే.

ఇది అన్నింటికన్నా ఎక్కువ కోపం తెప్పించేది, కాబట్టి దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం. స్టాండు లేకుండా ఎక్కడైనా వదిలేసే రకం సైకిళ్లలో తాళంలోనే ఒక సిమ్, ఒక జీపీఎస్, చిన్న బ్యాటరీ ఉంటాయి. ముందు బుట్టలో ఉండే సోలార్ పలకో, చక్రం తిరుగుడో ఆ బ్యాటరీని నింపుతుంది. సైకిల్ నాలుగు రోజులు ఏ సెల్లార్ నీడలోనో పడి ఉంటే బ్యాటరీ ఎండిపోతుంది. అప్పుడు యాప్ చూపెట్టేది అది చివరిసారి పలికిన చోటు. ఎత్తయిన భవనాల మధ్య జీపీఎస్ పక్క గల్లీని చూపెట్టడం కూడా మామూలే.

స్టాండుకు బిగించే రకంలో లెక్క సరిగ్గానే ఉంటుంది కానీ వేరే చిక్కు ఉంది. చెడిపోయిన సైకిల్ కూడా తాళంలో ఉంది కాబట్టి, ఎవరో ఒకరు చెప్పేదాకా అది లెక్కలోకే వస్తుంది. అందుకే పారిస్‌లో తొక్కేవాళ్లే ఒక గుర్తు పెట్టుకున్నారు. చెడిపోయిన సైకిల్ సీటును వెనక్కి తిప్పి పోతారు. తర్వాత వచ్చినవాడు ఆ సీటు చూసి దాని జోలికి పోడు. ఏ సంస్థా నేర్పకుండా అలవాటైన పద్ధతి ఇది. మనమూ పాటించొచ్చు, ఖర్చేమీ లేదు.

ఇక పొద్దున ఎనిమిదింటికి స్టాండు ఖాళీగా ఎందుకుంటుంది? అందరూ ఒకే వేళకు ఒకే దిక్కు పోతారు కాబట్టి. కాలనీల నుంచి స్టేషన్‌కు పోయిన సైకిళ్లు సాయంత్రం దాకా స్టేషన్ దగ్గరే గుమిగూడుతాయి. కాలనీలో రెండో బ్యాచ్ వాళ్లకు ఒక్కటీ మిగలదు. వాటిని ట్రాలీ ఆటోల్లోనో లారీల్లోనో ఎక్కించి మళ్లీ పంచాలి. ఈ పని రోజూ ఉంటుంది, జీతాలు డీజిల్‌తో కలిపి ఖరీదైనది కూడా. గుట్టలుంటే ఇంకా కష్టం: దిగేటప్పుడు అందరూ తొక్కుతారు, ఎక్కేటప్పుడు ఎవరూ తొక్కరు. పారిస్ కిరాయి సైకిళ్ల పథకం ‘వెలిబ్’ ఈ చిక్కుకు ఓ ఉపాయం చేసింది. గుట్ట మీది స్టేషన్‌కు సైకిల్ చేర్చినవాళ్లకు అదనంగా ఉచిత నిమిషాలు ఇచ్చింది. న్యూయార్క్ ‘సిటీ బైక్’ నిండిన స్టాండు నుంచి ఖాళీ స్టాండుకు సైకిల్ తెచ్చినవాళ్లకు పాయింట్లు ఇస్తుంది.

అపోహ: తాళం వేశాను, ప్రయాణం అయిపోయింది.

తాళం వేయడం వేరు, ప్రయాణం ముగిసిందని యాప్ ఒప్పుకోవడం వేరు. తాళం నుంచి సమాచారం పోకపోయినా, అనుమతించిన హద్దు దాటి సైకిల్ పెట్టినా మీటరు తిరుగుతూనే ఉంటుంది. దిగినాక అర నిమిషం నిలబడి ‘రైడ్ ముగిసింది’ అన్న మాట చూసి, దాన్ని స్క్రీన్‌షాట్ తీసుకుని కదలండి. స్టాండులో సైకిల్ పెట్టినచోట ఫొటో కూడా తీస్తే ఇంకా మంచిది. తర్వాత వాదన వస్తే మీ చేతిలో ఉండే సాక్ష్యం అదొక్కటే.

స్టాండు నిండిపోయి పెట్టడానికి జాగా లేకపోతే? లండన్‌లో ఆ సంగతి నమోదు చేస్తే 15 నిమిషాలు అదనంగా ఇస్తారు, పక్క స్టాండు ఎక్కడుందో చూపెడతారు. ఇటువంటి సౌకర్యం ఉందో లేదో తొలిరోజే చూసుకోవాలి.

అపోహ: రోజంతా పాస్ తీసుకుంటే రోజంతా సైకిల్ మనదే.

పెద్ద నగరాల్లో పర్యాటకుల జేబుకు చిల్లు పడేది ఇక్కడే. ఆ పాస్ అర్థం, రోజులో ఎన్నిసార్లయినా చిన్న చిన్న ప్రయాణాలు చేయొచ్చని. చాలాచోట్ల ఒక్కో ప్రయాణానికి 30 నిమిషాల హద్దు ఉంటుంది, అది దాటితే నిమిషాల లెక్కన మోత. ఒకే సైకిల్ పదిమంది చేతులు మారాలన్నది ఈ పద్ధతి ఉద్దేశం. పొద్దంతా దగ్గర పెట్టుకోవాలంటే దుకాణంలో కిరాయికి తీసుకోవడమే చవక.

అపోహ: డిపాజిట్ ఎక్కడికి పోతుంది, అడిగితే ఇస్తారు.

చైనాలో ‘ఓఫో’ అనే పసుపు సైకిళ్ల సంస్థ ఉండేది. 2014లో పెకింగ్ విశ్వవిద్యాలయం విద్యార్థులు మొదలుపెట్టారు. మనిషికి 99 యువాన్లో 199 యువాన్లో డిపాజిట్ తీసుకుని లక్షల కొద్దీ సైకిళ్లు వీధుల్లో దింపింది. 2018 చివరికి పైసలు అడుగంటాయి. డిసెంబర్ చలిలో బీజింగ్ ఆఫీసు ముందు జనం బారులు తీరారు, యాప్‌లో వాపసు కోసం నమోదైనవాళ్ల వరుస కోటి దాటింది. అదే సంస్థ 2018 జులైకల్లా మన దేశం నుంచి తట్టాబుట్టా సర్దుకుంది.

కొన్ని సంస్థలు డిపాజిట్‌నూ, వాలెట్‌లో వేసిన పైసలనూ వేర్వేరుగా చూస్తాయి. డిపాజిట్ వాపసు వస్తుంది, వాలెట్ బ్యాలెన్స్ రాకపోవచ్చు. వేసేముందు ఆ రెండు నిబంధనలూ చదవాలి. వాలెట్‌లో వారానికి సరిపడా తప్ప వెయ్యకండి. ఊరు వదిలి వచ్చేటప్పుడు హాస్టల్ అడ్వాన్స్ అడిగినట్టే ఈ డిపాజిట్ కూడా అడిగి తీసుకోండి. కస్టమర్ కేర్ పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

అపోహ: మనవాళ్లకు ఉమ్మడి సొత్తు విలువ తెలీదు, దొంగలు పడి ఇవన్నీ మూతపడ్డాయి.

ఈ మాట వినగానే తలలు ఊపేవాళ్లే ఎక్కువ. దొంగతనం ఒక్క మన రోగం కాదు. పారిస్‌లో 2007 జులైలో వెలిబ్ మొదలైతే, తొలి రెండేళ్లలోనే వేల సైకిళ్లు మాయమయ్యాయి, ఇంకెన్నో సీన్ నదిలో తేలాయి. అయినా వెలిబ్ ఇప్పటికీ నడుస్తోంది. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ నుంచి 2018లో ‘మోబైక్’ సంస్థ విధ్వంసం తట్టుకోలేకే వెళ్లిపోయింది.

ఇంకా వెనక్కి పోతే, ఈ ఆలోచనకు మూలమైన ఆమ్‌స్టర్‌డామ్ తెల్ల సైకిళ్ల కథ ఉంది. 1965లో ‘ప్రోవో’ అనే కుర్రకారు బృందం సైకిళ్లకు తెల్లరంగు వేసి, తాళం లేకుండా వీధిలో పెట్టింది. ఎవరైనా తొక్కుకోండి అంది. దొంగలు ఎత్తుకుపోవడం వల్ల అది ఆగిపోయిందని ప్రపంచమంతా చెప్పుకుంటారు. నిజానికి వాటిని పట్టుకుపోయింది పోలీసులు. తాళం లేని సైకిల్‌ను వీధిలో వదలడం అక్కడి నిబంధనలకు విరుద్ధం.

మూతపడటానికి దొంగతనం కన్నా పెద్ద కారణం పైసలు. అర గంటకు పది రూపాయల కిరాయితో లారీ, మెకానిక్, సర్వరు, సిమ్‌కార్డు అన్నీ గడవవు. పారిస్‌లో తొలి సంస్థ జేసీడెకో నగరంలో హోర్డింగుల హక్కులు తీసుకుని, బదులుగా సైకిళ్లు నడిపింది. న్యూయార్క్‌లో 2013లో మొదలైన పథకానికి సిటీబ్యాంకు 4.1 కోట్ల డాలర్లు ఇచ్చి తన పేరు పెట్టించుకుంది. ఇటువంటి ఆదరువు లేకుండా పెట్టుబడిదారుల సొమ్ముతో దిగినవి, ఆ సొమ్ము ఉన్నన్నాళ్లే తిరిగాయి.

అపోహ: నాసిరకం కాబట్టే అంత బరువు.

బరువు కావాలని పెట్టిందే. వెలిబ్ తొలి సైకిల్ 22 కిలోల పైచిలుకు, సిటీ బైక్ 20 కిలోలు. ఇంటి సైకిల్ ఎప్పుడో గానీ తడవదు. ఇది రోజంతా ఎండావానల్లో నిలబడి ఊరందరి చేతుల్లో నలగాలి. విడిభాగాలు బజారు సైకిళ్లకు సరిపోకుండా చేస్తారు, ఊడదీసి అమ్ముకోలేకుండా. కొన్నింటికి గాలి లేని టైర్లు, పంక్చర్ కావు గానీ గుంతలో పడితే వెన్ను అదురుతుంది. మధ్య కడ్డీ కిందికి వంచి ఉండటం వల్ల చీర కట్టుకున్నవాళ్లు కూడా ఎక్కగలరు. అయినా మన నాన్నలు తొక్కిన పాత రోడ్‌స్టర్ మాత్రం తేలికా? దాదాపు ఇంతే బరువు.

అపోహ: హెల్మెట్ లేకపోతే చలాన్ వేస్తారు, ఎలక్ట్రిక్ సైకిల్‌కు లైసెన్స్ కావాలి.

మోటారు వాహనాల చట్టంలో హెల్మెట్ నిబంధన మోటారు బండ్లకే, తొక్కే సైకిల్‌కు కాదు. మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటని ఎలక్ట్రిక్ బండికి రిజిస్ట్రేషన్, లైసెన్స్ అక్కర్లేదు. అయితే చట్టం అడగలేదని తలకు దెబ్బ తగలకుండా ఉండదు, హెల్మెట్ ఉంటే పెట్టుకోవడమే మేలు.

ఈ సైకిళ్లు ఎక్కితే చావే అన్న భయానికి మాత్రం ఆధారం లేదు. అమెరికాలో ఇటువంటి ఉమ్మడి సైకిల్ మీద తొలి మరణం 2016 జులైలో షికాగోలో నమోదైంది. అప్పటికి ఆ దేశంలో కోట్ల ప్రయాణాలు జరిగాయి. బరువు, మెల్లగా పోవడం, ఎప్పుడూ వెలిగే లైట్లు ఇక్కడ పనికొచ్చాయి.

అపోహ: హైదరాబాద్‌లో నిలవలేదు కాబట్టి ఎక్కడా నిలవదు. లేదా, అక్కడ పెట్టారు కాబట్టి మాకూ కావాలి.

రెండూ తొందరపాటే. మైసూరులో ‘ట్రిన్ ట్రిన్’ 2017 జూన్‌లో 450 సైకిళ్లతో మొదలైంది, అదే నెలలో భోపాల్ 500 సైకిళ్లతో దిగింది. మైసూరులో స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లకు కార్డు ఇచ్చారు. మన రాష్ట్రంలో సైకిల్ పేరుతో జరిగిన పెద్ద నిర్మాణం అవుటర్ రింగ్ రోడ్ పక్కన సోలార్ కప్పు వేసిన 23 కిలోమీటర్ల ట్రాక్. 2023 అక్టోబర్ 1న తెరిచారు. పొద్దున్నే వ్యాయామానికి పోయేవాళ్లకు అది చక్కటి దారి. కానీ మెట్రో దిగి ఆఫీసుకు పోయే క్లర్కుకు, సరుకులు తెచ్చుకునే అమ్మకు దాంతో ఒరిగేదేమీ లేదు. వాళ్లకు కావలసింది స్టేషన్ నుంచి కాలనీ దాకా భయం లేకుండా తొక్కగల రెండు కిలోమీటర్లు. వరంగల్ కేంద్ర ప్రభుత్వ ‘ఇండియా సైకిల్స్ ఫర్ చేంజ్’ పోటీలో దేశంలో ఎంపికైన 11 నగరాల్లో ఒకటిగా నిలిచింది. కరీంనగర్ 2017 జూన్‌లో స్మార్ట్ సిటీల జాబితాలో చేరింది. కాబట్టి ‘మన దగ్గర ఎప్పుడు?’ అని అడిగేవాళ్ల తప్పేమీ లేదు.

జవాబు లెక్కలో ఉంది. ఈ పద్ధతి నడవాలంటే చదరపు కిలోమీటరుకు 10 నుంచి 16 స్టాండ్లు ఉండాలని రవాణా నిపుణులు చెబుతారు. అంటే ఏ స్టాండు నుంచి చూసినా ఇంకోటి 300 మీటర్ల దూరంలో ఉండాలి. ఒక్కో సైకిల్ రోజుకు కనీసం నాలుగు ప్రయాణాలు చేయాలి. చొప్పదండి ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచి పోవచ్చు, పైగా చాలా ఇళ్లలో సైకిల్ ఉంది. 2025లో కరీంనగర్ పార్లమెంటు నియోజకవర్గంలో ప్రభుత్వ బడుల పదో తరగతి పిల్లలకు సైకిళ్లు పంచారు కూడా. అయితే ఇక్కడి నవోదయ బడిలో పిల్లవాణ్ని చూడ్డానికి బస్సు దిగిన తల్లిదండ్రులకో, ఊళ్లోంచి మండలాఫీసుకు వచ్చినవాళ్లకో రెండు గంటలు సైకిల్ కావాలి. వాళ్లు మళ్లీ అదే బస్టాండుకు వచ్చి బస్సెక్కుతారు.

అటువంటి ప్రయాణానికి నెదర్లాండ్స్‌లో 2003 నుంచి ‘ఓవీ ఫీట్స్’ అనే పద్ధతి ఉంది. రైల్వే స్టేషన్లో సైకిల్ తీసుకోవాలి, మళ్లీ అదే స్టేషన్లో ఇవ్వాలి, కిరాయి 24 గంటల లెక్కన. తీసుకున్నచోటే తిరిగి ఇస్తారు కాబట్టి లారీలతో పంచే బాధ లేదు, మెకానిక్ ఒకేచోట కూర్చుంటాడు. మన సైకిల్ టాక్సీ కూడా ఇంతే. కరీంనగర్ రైల్వే స్టేషన్ ఉన్నది ఊరి నడిబొడ్డున కాదు, తీగలగుట్టపల్లిలో. అక్కడ ఒక దుకాణం, చొప్పదండి బస్టాండులో ఒక దుకాణం పెడితే సరిపోతుంది. నడిపేది ఏ స్వయం సహాయక సంఘమైనా కావొచ్చు.

ఇంతకీ కరీంనగర్ నగరంలో పూర్తిస్థాయి పథకమే పెడతామంటే కార్పొరేటర్లకు ఒక మనవి. ఎన్ని సైకిళ్లు కొన్నారన్నదాన్ని బట్టి గుత్తేదారుకు బిల్లు కట్టకండి. పొద్దున ఏడింటి నుంచి పదింటి దాకా ఎన్ని స్టాండ్లలో తొక్కడానికి పనికొచ్చే సైకిల్ ఉందో నెలనెలా లెక్క తీయండి. ఫిర్యాదుకు ఎన్ని గంటల్లో జవాబొచ్చిందో, డిపాజిట్ ఎన్ని రోజుల్లో వాపసు పోయిందో కూడా చూడండి. ఈ మూడూ టెండర్‌లోనే రాసి, వాటి మీదే పైసలు కట్టండి. అలా రాయని పథకానికి ఓటు వేయకండి.