మీకు తెలుసా? వాషింగ్ మెషీన్ కడుపులో కాంక్రీట్ దిమ్మె!

చాలా ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్ల లోపల కాంక్రీట్ దిమ్మె ఉంటుంది. పిండే సమయంలో డ్రమ్ము నిమిషానికి 1,000 నుంచి 1,400 సార్లు తిరుగుతుంది. తడిబట్టలన్నీ ఒకవైపు చేరినా అది ఎగిరెగిరి పడకుండా అదిమిపట్టేది ఈ బరువే. ఇల్లు మారేటప్పుడు ఈ మెషీన్‌ను ఎత్తడానికి ఇద్దరు మనుషులు ఆయాసపడేదీ అందుకే. 60 కిలోలు దాటే మోడళ్లు ఎన్నో.

డ్రమ్మును మోసే తొట్టి, ఆ దిమ్మెతో సహా, స్ప్రింగులకు వేలాడుతూ ఉంటుంది. సామాను మోసే డీసీఎం వ్యాన్ గుంతల రోడ్డెక్కితే తొట్టి అటూ ఇటూ కొట్టుకుని స్ప్రింగులు, కింద ఉండే షాక్ అబ్జార్బర్లు దెబ్బతినవచ్చు. దాన్ని కదలకుండా పట్టి ఉంచేవే ట్రాన్సిట్ బోల్టులు. కొత్త మెషీన్‌కు వెనకవైపు ఇవి సాధారణంగా మూడో నాలుగో ఉంటాయి. ఇంట్లో అమర్చేటప్పుడు టెక్నీషియన్ వాటిని విప్పేస్తాడు. సామాను బండెక్కే ముందు మళ్లీ బిగించాలి. కొత్త ఇంట్లో మెషీన్ ఆన్ చేసే ముందు తప్పనిసరిగా విప్పాలి.

బండిలో దీని చోటు క్యాబిన్ వెనక గోడ పక్కనే. నిటారుగా నిలబెట్టి, తాడుతో గట్టిగా కట్టాలి.

ఫ్రిజ్‌నూ నిలబెట్టే తీసుకెళ్లాలి. పడుకోబెడితే కంప్రెసర్‌లోని నూనె గొట్టాల్లోకి పారుతుంది. అలా తేవాల్సి వస్తే, నిలబెట్టి కొన్ని గంటలు ఆగాకే స్విచ్ వేయాలి.

మెషీన్ కొన్నప్పుడు వచ్చిన బోల్టులను పారేయకండి. వారంటీ కార్డుతో పాటు ఒక కవర్లో వేసి దాచిపెట్టుకోండి.