ముస్తఫా చేతికి డబ్బిచ్చి పంపారు... దారి తప్పిన పిల్లలపై 1931 నాటి ఒక సినిమా కథ

రైలు బయల్దేరే వేళైంది. స్టేషన్లో ఒక పెద్దమనిషి, ఆయన చుట్టూ వీధి పిల్లల గుంపు. అందరూ జేబులు కొట్టినవాళ్లే, సంచులు లాక్కుని పరిగెత్తినవాళ్లే. ఆ పెద్దమనిషి జేబులోంచి డబ్బు తీసి, గుంపులో అందరికన్నా గడుసు దొంగ చేతిలో పెట్టి, "దారికి తిండి సామాను కొనుక్కురా" అని పంపిస్తాడు. పక్కన పోలీసు లేడు, వెనకాల కాపలా లేదు. పిల్లలే నోరెళ్లబెడతారు. వాడు ఇక రాడని అందరూ అనుకుంటారు. రైలు కదిలే టైమ్ దగ్గర పడుతుంది. పెద్దాయన ముఖంలో కూడా ఆందోళన కనిపిస్తుంది.

వాడు వచ్చాడు. చేతి నిండా సామానుతో వచ్చాడు.

ఆ కుర్రాడి పేరు ముస్తఫా. 1931లో సోవియట్ రష్యాలో వచ్చిన "పుత్యోవ్కా వ్ జీజ్న్" అనే సినిమాలోని సీన్ ఇది. ఇంగ్లిష్‌లో దీన్ని "రోడ్ టు లైఫ్" అన్నారు. రష్యన్ పేరుకు అర్థం ఇంచుమించు "జీవితంలోకి పంపే చీటీ" అని. మన ఇళ్లల్లో ఈ సినిమా పేరు విన్నవాళ్లు తక్కువే. కానీ అది అడిగిన ప్రశ్న ఇవాళ్టికీ మన గల్లీల్లో ఉంది. తప్పు చేసిన పిల్లాణ్ణి ఏం చేయాలి?

మాటలొచ్చిన ఏడాది

1931 సినిమా చరిత్రలో పెద్ద ఏడాది. మన దేశంలో మొదటి టాకీ "ఆలం ఆరా" ఆ ఏడాది మార్చి 14న బొంబాయిలో విడుదలైంది. అదే ఏడాది జూన్‌లో మాస్కోలో ఈ సినిమా తెర మీదికి వచ్చింది. సోవియట్ దేశపు మొదటి మాటల కథాచిత్రంగా దీన్ని చెబుతారు. దర్శకుడు నికొలాయ్ ఎక్. తీసింది మెజ్రబ్పోమ్‌ఫిల్మ్ అనే స్టూడియో.

అప్పటికి మూకీల అలవాటు పూర్తిగా పోలేదు. అందుకే ఇందులో మాటలతో పాటు అక్కడక్కడా తెర మీద అక్షరాలు కూడా వస్తాయి. కానీ కొత్తగా దొరికిన శబ్దాన్ని బాగా వాడుకున్నారు. వీధి పిల్లల యాస, వాళ్ల పాటలు, రైలు చప్పుడు అన్నీ జనానికి వినిపించాయి. అప్పటిదాకా రోడ్డు పక్కన చూసీ చూడనట్టు దాటిపోయిన పిల్లలు మొదటిసారి నోరు తెరిచి మాట్లాడారు.

ఆ పిల్లలు ఎక్కడి నుంచి వచ్చారు?

మొదటి ప్రపంచ యుద్ధం, ఆ తర్వాత అంతర్యుద్ధం, దాని వెనకే 1921-22లో వోల్గా నది ప్రాంతంలో ఘోరమైన కరువు. ఈ మూడూ కలిసి రష్యాలో లక్షల మంది పిల్లల్ని రోడ్డున పడేశాయి. వాళ్లను రష్యన్‌లో "బెస్ప్రిజోర్నికీ" అనేవారు. అంటే ఆలనా పాలనా లేనివాళ్లని. కరువు బాగా దెబ్బతీసిన వోల్గా ప్రాంతంలో తాతార్, బష్కీర్ ముస్లిం కుటుంబాలు చాలా ఉండేవి. రష్యన్ సినిమాలో వీధి పిల్లల నాయకుడికి ముస్తఫా అనే పేరుండటం వింతేమీ కాదన్నమాట.

ఈ పిల్లలు రైలు పెట్టెల కింద, తారు మరిగించే డేగిశాల్లో, స్టేషన్ల మూలల్లో పడుకునేవారు. పెద్ద దొంగలు వాళ్లను చేరదీసి పనిలో పెట్టుకునేవారు. సినిమాలో అలాంటి పెద్ద దొంగ జిగాన్. ముస్తఫా వాడి దగ్గర పని చేసే పిల్లల నాయకుడు. నడుస్తున్న ఆడమనిషి కోటు వెనక భాగాన్ని ఆమెకు తెలియకుండా కత్తిరించుకుపోయేంత చెయ్యి తిరిగినవాడు.

అందరూ అనాథలే కాదని కూడా సినిమా చూపిస్తుంది. కోల్కా అనే అబ్బాయికి మంచి ఇల్లు, తల్లి, తండ్రి ఉంటారు. ఒక దొంగతనంలో తల్లి చనిపోతుంది. దుఃఖంలో తండ్రి తాగుడుకు బానిసై కొడుకును కొడతాడు. కొడుకు ఇల్లు వదిలి, ఏ గుంపు వల్ల తల్లి పోయిందో ఆ గుంపులాంటి వాళ్ల మధ్యకే చేరతాడు. ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించాలి. పిల్లాడు చెడిపోవడానికి పేదరికమే అక్కర్లేదు. ఇంట్లో ఓదార్పు దొరక్కపోయినా చాలు.

చేతికి పని, మీద నమ్మకం

పోలీసులు పిల్లల్ని పట్టుకొస్తారు. ముస్తఫా అప్పటికే ఎన్నోసార్లు పట్టుబడి పారిపోయినవాడు. కొందరు అధికారులు కఠినంగా బంధించి ఉంచాలంటారు. సెర్గేయెవ్ అనే ఆయన (నటుడు నికొలాయ్ బతాలొవ్) వేరే మాట చెబుతాడు. కాపలా లేని శ్రమ కమ్యూన్ పెడదాం, పిల్లలు ఇష్టపడి వస్తేనే తీసుకెళ్దాం అని. అలా బయల్దేరినప్పుడే స్టేషన్లో డబ్బు ఇచ్చి పంపిన సీన్ వస్తుంది.

కమ్యూన్‌లో చెప్పులు కుట్టడం, వడ్రంగం నేర్పుతారు. కోటు కత్తిరించిన చెయ్యే ఇప్పుడు తోలు కత్తిరిస్తుంది. కానీ అంతా సాఫీగా సాగదు. వరదలొచ్చి సరుకు రాక ఆగిపోయి, చేయడానికి పని లేకపోతుంది. ఖాళీగా ఉన్న పిల్లలు గొడవపడి వర్క్‌షాపు పగలగొడతారు. సెర్గేయెవ్ తిరిగొచ్చి శిక్ష వేయడు, ఇంకా పెద్ద పని తెస్తాడు. పట్నానికి కలిపే రైలు మార్గం మనమే వేద్దాం అంటాడు.

జిగాన్ మాత్రం పిల్లల్ని వదులుకోడు. కమ్యూన్ దగ్గర్లోనే తాగుడు, పాటలతో ఒక అడ్డా తెరుస్తాడు. వాళ్లను మళ్లీ లాగాలని ఎత్తు. ఆ అడ్డాను ముస్తఫా, కోల్కా, వాళ్ల స్నేహితులే మూయిస్తారు. చివరికి రైలు మార్గం మొదలయ్యే రోజుకు ముందు రాత్రి, జిగాన్ పట్టా ఊడదీస్తాడు. ట్రాలీ మీద వస్తున్న ముస్తఫా వాడితో కలబడి ప్రాణం పోగొట్టుకుంటాడు. మర్నాడు జనం సంబరంగా ఎదురుచూస్తున్న మొదటి రైలు, ముందు భాగాన ముస్తఫా శవంతో వస్తుంది.

అమానత్ అన్న మాట

ఈ సినిమా తీసినవాళ్లకు మతంతో పని లేదు, నిజం చెప్పాలంటే మతానికి వ్యతిరేకులు కూడా. అయినా స్టేషన్ సీన్ చూస్తే మనకు వెంటనే గుర్తొచ్చే మాట అమానత్. ఒకరిని నమ్మి అప్పగించిన వస్తువు. డబ్బు ముస్తఫా చేతిలో పెట్టినప్పుడు సెర్గేయెవ్ అతనికి ఇచ్చింది డబ్బు ఒక్కటే కాదు. "నువ్వు నమ్మదగినవాడివి" అన్న మాటను కూడా ఇచ్చాడు. ఆ మాట ఆ పిల్లాడికి అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

మన ప్రవక్త (స) యతీమ్‌గా పెరిగారు. నబువ్వత్‌కు ముందే మక్కా జనం ఆయన్ను "అల్ అమీన్" అని పిలిచారు. ముస్తఫా అనేది కూడా ఆయన బిరుదే. అర్థం "ఎన్నుకోబడినవాడు". సినిమాలో ఆ పేరున్న కుర్రాణ్ణే డబ్బు మోయడానికి ఎన్నుకోవడం కాకతాళీయమే కావచ్చు. చూసేవాళ్లకు మాత్రం గుండెకు తగులుతుంది.

తెర వెనక చేదు నిజం

సినిమాను పొగిడి ఊరుకుంటే సగం కథే చెప్పినట్టు. ఇది ప్రభుత్వ ప్రచారం కూడా. సినిమాను అంకితం చేసింది ఫెలిక్స్ జెర్జిన్‌స్కీకి. ఆయన రహస్య పోలీసు విభాగాన్ని స్థాపించిన మనిషి. నిజంగా ఉన్న బొల్షెవో లాంటి శ్రమ కమ్యూన్లు ఆ విభాగం కిందే నడిచాయి. అక్కడ చాలామంది పిల్లలు పని నేర్చుకుని బాగుపడ్డ మాట వాస్తవం. కానీ కాలం మారింది. 1935 ఏప్రిల్‌లో అదే ప్రభుత్వం 12 ఏళ్లు దాటిన పిల్లలకు కూడా పెద్దవాళ్లతో సమానంగా క్రిమినల్ శిక్షలు వేసేలా ఉత్తర్వు తెచ్చింది. నమ్మకం గురించి సినిమా తీసి నాలుగేళ్లు కూడా కాలేదు.

ముస్తఫాగా నటించిన యువకుడి కథ ఇంకా బాధాకరం. అతని పేరు ఇవాన్ కిర్లా. వోల్గా ప్రాంతపు మారీ జాతివాడు, మారీ భాషలో కవి. సినిమా వచ్చేసరికి 22 ఏళ్లు. ఆ పాత్రతో దేశమంతా ప్రసిద్ధుడయ్యాడు. 1937లో అతన్ని అరెస్టు చేశారు. 1943లో శిబిరంలోనే చనిపోయాడు. 1956లో, ప్రాణం పోయిన 13 ఏళ్లకు, నిర్దోషి అని తేల్చారు. తెర మీద ముస్తఫాను నమ్మిన రాజ్యం బయట ఆ మనిషిని నమ్మలేదు.

సినిమా మాత్రం దేశాలు దాటింది. 1932లో జరిగిన మొట్టమొదటి వెనిస్ చలనచిత్రోత్సవంలో ప్రేక్షకులు ఓటు వేసి నికొలాయ్ ఎక్‌ను మెచ్చిన దర్శకుడిగా ఎన్నుకున్నారు. అమెరికాలో విడుదలైనప్పుడు విద్యావేత్త జాన్ డ్యూయీ దానికి పరిచయ మాటలు చెప్పారు. ఇరవై ఏళ్ల తర్వాత, 1951లో, మన రాజ్ కపూర్ "ఆవారా" ఇలాంటి ప్రశ్నే అడిగింది. దొంగ కొడుకు దొంగే అవుతాడా, లేక పెరిగిన చోటు అలా చేస్తుందా అని. దాని కథ రాసినవారిలో ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ ఒకరు. ఆ సినిమాను రష్యా జనం నెత్తిన పెట్టుకున్నారు.

మన పిల్లాడైతే?

ఇక మన ఇంటి దగ్గరికి వద్దాం. బండి దొంగతనం, కొట్లాట, ఫోన్ లాక్కోవడం లాంటి కేసులో పదహారేళ్ల అబ్బాయి పేరు వస్తే ఇల్లంతా వణికిపోతుంది. భయంలో చాలామంది తల్లిదండ్రులకు చట్టం ఏం చెబుతుందో తెలియదు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం కొన్ని ముఖ్యమైన విషయాలు ఇవి:

18 ఏళ్లు నిండని పిల్లల్ని పోలీస్ లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదు. 24 గంటల్లోగా (ప్రయాణానికి పట్టే సమయం పోను) జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. బోర్డులో ఒక మేజిస్ట్రేట్‌తో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, ఆ ఇద్దరిలో ఒకరైనా మహిళ ఉండాలి.

బెయిల్ ఇవ్వడమే మామూలు పద్ధతి. వదిలితే పిల్లాడు మళ్లీ నేరస్థుల చేతిలో పడతాడనో, అతనికే ప్రమాదమనో, న్యాయం దెబ్బతింటుందనో బోర్డు కారణం చూపిస్తేనే ఆపాలి.

పిల్లాడి పేరు, ఫోటో, స్కూలు వివరాలు పేపర్లో, టీవీలో వేయకూడదు. వాట్సాప్ గ్రూపుల్లో ఫొటోలు తిప్పే మన అన్నదమ్ములు కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి.

కనీసం ఏడేళ్ల శిక్ష పడే ఘోర నేరాల్లో మాత్రం, 16 నుంచి 18 ఏళ్ల మధ్యవారి విషయంలో బోర్డు ముందుగా పరిశీలన జరిపి, పెద్దవారిలా విచారణ జరపాలా అన్నది చూస్తుంది. మిగతా కేసుల్లో ప్రత్యేక గృహంలో ఉంచినా మూడేళ్లకు మించదు.

ఇల్లు వదిలిపోయిన పిల్లలు, వేధింపుల్లో ఉన్న పిల్లలు కనిపిస్తే 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయొచ్చు, ఖర్చు ఉండదు.

చట్టం చేయగలిగింది ఇంతవరకే. బోర్డు నుంచి ఇంటికొచ్చిన అబ్బాయిని ఇంట్లోవాళ్లు, మొహల్లావాళ్లు ఎలా చూస్తారన్నది చట్టంలో రాసి ఉండదు. మసీదులో పక్కన నిలబడే చాచా ముఖం తిప్పుకుంటే, దుకాణం యజమాని పని ఇవ్వనంటే, ఆ అబ్బాయి కోసం తలుపు తెరిచి పెట్టుకునేది ఎవరో ఒక జిగానే. ప్రతి ఊళ్లోనూ ఒక జిగాన్ ఉంటాడు, వాడు పిల్లల్ని ఎన్నడూ వెళ్లగొట్టడు.

తర్బియత్ అంటే తిట్టడం, కొట్టడం, తాళం వేయడం అనుకుంటాం. ఆ అబ్బాయి ఇంటికొచ్చిన వారం రోజుల్లో ఒకసారి అతని చేతికి డబ్బిచ్చి బజారుకు పంపి చూడండి. ఆలస్యమైతే గుమ్మం దగ్గర నిలబడి ఎదురు చూడండి. సెర్గేయెవ్‌కి కూడా ఆ నిమిషంలో భయమేసింది. అయినా పంపాడు.