తుప్పును శ్వాసించు జీవులు

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతపు ఎర్రనేలలలో వరినాట్లు పడిన మూడు నాలుగు వారములకు ఒక మడిలోనికి దిగి, పారతో మట్టిపెళ్ళ నొకదానిని ఎత్తి చూడుడు. నీటికి తగిలియున్న పైపొర పలుచగా, గోధుమవన్నెతో ఉండును. దాని అడుగునున్న మన్ను నీలిబూడిద రంగునకు తిరిగియుండును. వేసవిలో ఇదే మన్ను ఇటుకపొడి వలె ఎర్రగా ఉండినది. ఆ పెళ్ళను గట్టుమీద ఆరనిచ్చినచో క్రమముగా మరల ఎరుపెక్కును. ఆ ఎరుపు ఎచటికి పోయినది? ఎట్లు తిరిగి వచ్చినది?

నాటి కృష్ణాజిల్లా మెట్టసీమ, 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన ఈ ప్రాంతము, నీటికొరకు చాలకాలము ఎదురుచూచినది. నాగార్జునసాగరమునకు 1955లో పునాదిరాయి పడినది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలినారు. ఎడమకాలువ నీరు అందిన మెట్టచేలు కొన్ని మాగాణులైనవి. నేల మాగాణి అగుటయనగా పైన నీరు నిలుచుట మాత్రమే కాదు, అడుగున గాలి లేకపోవుట కూడ.

ప్రాణవాయువు గాలిలో వ్యాపించిన దానికన్న నీటిలో ఇంచుమించు పదివేల రెట్లు మందముగా వ్యాపించును. దమ్ము చేసిన మడిలో ఉన్న కొద్దిపాటి ప్రాణవాయువును సూక్ష్మజీవులు త్వరలోనే వాడివేయును. పిదప వాటి బ్రతుకు ఎట్లు?

శ్వాస అనగానే మనకు ఊపిరితిత్తులు జ్ఞప్తికి వచ్చును. కాని శ్వాసయొక్క సారము వేరు. ప్రతి జీవకణమును ఆహారమునుండి ఎలక్ట్రానులను తీసి, వాటిని మెట్టుమెట్టుగా దింపుచు శక్తిని సంపాదించును. చివరి మెట్టున ఆ ఎలక్ట్రానులను అందుకొనుటకు ఒకటి ఉండవలెను. అది లేనిచో పని యంతయు నిలిచిపోవును. మనకు అందుకొనునది ప్రాణవాయువు. అది కరవైన బురదలో సూక్ష్మజీవులు మొదట నైట్రేటును, తరువాత మాంగనీసు ఆక్సైడును, ఆ తరువాత ఇనుప తుప్పును ఆశ్రయించును. తుప్పులోని ఇనుము ఎలక్ట్రానును గ్రహించి ఎరుపు కోల్పోవును, నీటిలో కరుగు రూపము దాల్చును. మన మడిలోని రంగు పోయినది ఇందువలననే.

ఇచట ఒక చిక్కున్నది. ప్రాణవాయువు, నైట్రేటు నీటిలో కరగి కణములోనికి ప్రవేశింపగలవు. తుప్పు రాయివంటిది, లోనికి రాదు. కణమును చుట్టియున్న కొవ్వుపొర ఎలక్ట్రానులను సులభముగా దాటనీయదు. అట్లయిన ఈ ఇచ్చిపుచ్చుకొనుట ఎట్లు జరుగును?

1987లో అమెరికాలోని పొటోమాక్ నది బురదనుండి డెరెక్ లవ్లీ బృందము, 1988లో ఒనైడా సరస్సునుండి చార్లెస్ మయర్స్, కెనెత్ నీల్సన్‌లు అట్టి బాక్టీరియాలను వేరుచేసి ప్రకటించినారు. ఇప్పుడు మొదటిదానిని జియోబాక్టర్ అనియు, రెండవదానిని షెవనెల్లా అనియు పిలుచుచున్నారు. వాటి గోడలో హీము అను ఇనుప కేంద్రములు గల ప్రోటీనులున్నవి. మన రక్తమునకు ఎరుపునిచ్చునది కూడ ఈ హీమే. ఇల్లు నేయునపుడు కూలీలు వరుసగా నిలిచి పెంకును చేతినుండి చేతికి అందించునట్లు, ఈ హీములు ఎలక్ట్రానును లోపలినుండి వెలుపలికి అందించును. కణము తుప్పును తాకియున్నచో పని అంతటితో తీరును.

తాకలేనిచో ఉపాయములు రెండు. షెవనెల్లా ఫ్లేవిను అను పదార్థములను వెలువరించును. మన బి2 విటమిను ఆ కుటుంబములోనిదే. బల్లకట్టు ఈ దరి సరకును ఆ దరికి చేర్చి, ఖాళీగా తిరిగి వచ్చినట్లు అవి పనిచేయును. జియోబాక్టర్ తననుండి తీగెలనే సాచును. ఇవి కేశమువంటి ప్రోటీను పోగులని 2005లో తలచినారు. 2019లో సూక్ష్మముగా పరిశీలింపగా, అట్టి తీగెలలో హీములు బారులు తీరియున్నట్లు తేలినది.

దీనివలన రైతునకు కలుగు లాభనష్టములెట్టివి? తుప్పు భాస్వరమును తనకు అంటించుకొని బిగబట్టియుంచును. తుప్పు కరగినపుడు ఆ భాస్వరము విడివడి వరివేళ్ళకు అందును. నీరు నిలిచిన మడిలో భాస్వరము పైరునకు సులభముగా దొరకుటకు ఇదియొక కారణము. కాని తుప్పు భాస్వరమునే కాక విషమును కూడ బిగబట్టగలదు. పశ్చిమ బెంగాలు భూగర్భజలములలోనికి ఆర్సెనిక్ విడుదలయగుటలో ఇట్టి జీవుల పాత్ర ఉన్నదని 2004లో ప్రకటితమైన పరిశోధన తెలిపినది.

మరియొక సంగతి. తుప్పు చాలినంత ఉన్నంతవరకు ఈ జీవులు ఆహారమునకై పోటీపడి, మిథేను వాయువును పుట్టించు జీవులను చాలవరకు అణచియుంచును. తుప్పు తరిగిన కొలది బురదనుండి మిథేను బుడగలు పైకి వచ్చును. భూమిని వేడెక్కించు వాయువులలో మిథేను ఒకటి. మడిని మధ్యమధ్య ఆరనిచ్చినచో గాలి దిగి, కరగిన ఇనుము మరల తుప్పుగా మారును, ఖాళీయైన గాదె నిండినట్లు. అందుచేతనే తడిపి ఆరబెట్టు పద్ధతిని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు: చిల్లుల గొట్టమును మడిలో పాతి, నీటిమట్టము నేలకు 15 సెంటీమీటర్ల దిగువకు పోయిన పిదప మరల నీరు పెట్టవలెను. పూత దశలో మాత్రము నీరు నిలిపియుంచవలెను. కాలువ చివరి చేలకు వంతు ఆలస్యమైనపుడు రైతు పడు ఆరాటము న్యాయమైనదే. అయినను సమయము తెలిసి ఆరనిచ్చిన మడి చెడిన మడి కాదు.

తుప్పునకు బదులు లోహపు పలకనో, బొగ్గు పలకనో ఉంచినచో ఈ జీవులు దానికి ఎలక్ట్రానుల నిచ్చును, అదియే విద్యుత్తు. సూక్ష్మజీవులనుండి విద్యుత్తును పుట్టించవచ్చునని ఇంగ్లండులో పాటర్ 1911లోనే చూపినాడు. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో మురుగునీటితో ఇట్టి ప్రయోగములు జరిగినవి. లభించు శక్తి స్వల్పమే, కాని మురుగును శుభ్రపరచుచు లభించును.

ఈ మారు మురుగుబోదెలో నూనెతెట్టు వలె రంగులీను పొర కనిపించినచో పుల్లతో కదిపి చూడుడు. నూనెయైనచో మరల కలిసికొనును. పెంకుల వలె పగిలి విడిపోయినచో, అది సాధారణముగా బురదలో కరగిన ఇనుము గాలి తగిలి మరల తుప్పగుచున్న గుర్తు. మీ మడి ఊపిరి తీసికొనుచున్నదని గ్రహింపుడు.